వృద్ధాప్యపు పింఛను: ఆ భారమెవ్వరిది?

గ్రామ పంచాయతీ సభ్యుల కడకు వచ్చి గ్రామస్థులు అడుగు మాటలలో పింఛనుకు సంబంధించినవే హెచ్చుగా నుండును. "నా పేరెప్పుడెక్కుతుందండీ?" అని ఒకరు, "పక్కింటావిడకు వచ్చింది, నాకెందుకు రాలేదు బాబూ?" అని మరియొకరు అడుగుదురు. సభ్యుడు సచివాలయమునకు పోయి, కనుగొని వచ్చి చెప్పును. అంతటితో మాట ముగియును. ఆ సొమ్ము ఎవరిది, ఎక్కడినుండి వచ్చుచున్నది, దానిని ఎవరు భరించుట న్యాయము అను ప్రశ్న సాధారణముగా అక్కడ పుట్టదు. కాని పింఛను మొత్తము పెరిగిన కొలదియు, పుచ్చుకొనువారి సంఖ్య పెరిగిన కొలదియు ఆ ప్రశ్నను దాటవేయుటకు వీలు లేదు. గ్రామసభలో నలుగురికి సమాధానము చెప్పవలసిన సభ్యులు దానిని ముందుగా తెలిసికొనియుండుట మంచిది.

విజయవాడలో నేడొక పేటగా కనబడు పటమట 1985 వరకు గ్రామ పంచాయతీయే. ఆ సంవత్సరమున గుణదల, భవానీపురములతో పాటు అది నగరపాలక సంస్థలో కలిసినది. అచ్చటి పాత తరమువా రెరిగిన పద్ధతి వేరు. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాలో మాగాణి సేద్యము స్థిరపడెను. పొలము గలవాని ముసలితనమును ఆ పొలమే పోషించెడిది. పట్టా తన పేర నున్నంతకాలము తండ్రిమాట ఇంటిలో చెల్లెడిది. ఉమ్మడి కుటుంబములున్న ఆ రోజులలో వృద్ధులకు ఏ కొరతయు లేదని మనవారు తరచుగా చెప్పుకొనుట కద్దు. అది భూమి కలవారు చెప్పుకొను చరిత్ర. పాలేరుకు, ఊడ్పులకు కలుపులకు పోయి బ్రతికిన కూలి స్త్రీకి అట్టి ఆధారము లేదు. నడుము వంగినదాక పని చేయుట, వంగిన తరువాత కూలి చేసికొను కొడుకు పంచన చేరుట, కొడుకు లేనిచో నలుగురిండ్లలో తినుట, ఇదే వారి పింఛను.

తరువాత పొలములు స్థలములైనవి. పటమట ప్రక్కనే ఆసియాలో మిక్కిలి పెద్దవానిలో ఒకటని పేరుగాంచిన ఆటోనగరు వెలసినది. లారీ బాడీలు కట్టువారు, ఇంజను పనివారు, వెల్డింగు చేయువారు చుట్టుప్రక్కల ఊళ్లనుండి వేలకొలదిగా అచ్చటికి చేరిరి. పొలముగల కుటుంబముల పిల్లలు హైదరాబాదునకు, అమెరికాకు పోయిరి. వారి తల్లిదండ్రులలో కొందరు విశాలమైన యింటిలో ఇద్దరే మిగిలిరి. కొందరు నెలకింత అని చెల్లించి వృద్ధాశ్రమములలో చేరిరి. పొలము లేనివారి పిల్లలు ఎచ్చటికిని పోలేదు గాని, వారి సంపాదనలో తల్లిదండ్రులకు మిగులునది స్వల్పము. ఇట్లు కలవారికి మనుష్యుల కొరత, లేనివారికి డబ్బు కొరత ఏర్పడినవి. ఈ రెండు కొరతలను ఒకే మాటతో వృద్ధుల సమస్య అనుటవలన గందరగోళము కలుగుచున్నది. ముందు డబ్బు సంగతి చూతము.

ఊరి వృద్ధులను ఊరే పోషించుకొనవలెనని కొందరు పెద్దలు అందురు. వినుటకు ఇంపుగానే యుండును. ఈ పద్ధతిని ఇంగ్లండు దేశము మూడు వందల సంవత్సరములు అనుభవించి చూచినది. అచ్చట 1601 నాటి చట్టము ప్రకారము ప్రతి గ్రామమును, అనగా ఒక్కొక్క చర్చి పరిధిలోని ఊరును, తన బీదలను తానే పన్ను వేసికొని పోషింపవలెను. ఫలితమేమైనది? పన్ను చెల్లించు రైతులు తమ ఊరిలోనికి పరాయి బీదవాడు రాకుండ కావలి కాచిరి. 1662లో మరియొక చట్టము చేసి, ముందుముందు ఊరికి భారమగునని తోచిన కొత్తవానిని వాని స్వగ్రామమునకు తిరిగి పంపివేయు అధికారమిచ్చిరి. ముసలివాడు ఏ ఊరివాడని రెండూళ్లు వ్యాజ్యమాడుకొనిన సందర్భములు అసంఖ్యాకములు. 1834 తరువాత బీదలను పనియిండ్లలో చేర్చి, బయటివారికి భయము కలుగునంత కఠినముగా చూచిరి. చివరకు 1908లో చట్టము చేసి, 1909 జనవరి నుండి 70 యేండ్లు నిండిన బీదవారికి వారమునకు 5 షిల్లింగుల వంతున దేశపు ఖజానానుండియే ఇయ్యసాగిరి. అందుకై ఎవరును ముందుగా చందా కట్టవలసిన పనిలేదు.

మన డెల్టా పంచాయతీకిని, మెట్ట ప్రాంతపు పంచాయతీకిని గల తారతమ్యము సభ్యులకు తెలియనిది కాదు. పెద్ద బజారు, నాలుగు రైసుమిల్లులు, కొత్త లేఔట్లు ఉన్న ఊరికి ఇంటిపన్ను రాబడి ఒక తీరు. వానచినుకుపై ఆధారపడిన ఊరికి మరియొక తీరు. బీద వృద్ధులు హెచ్చుగా నుండునది తరచుగా రెండవ ఊరిలోనే. కనుక పింఛను భారము ఇంటిపన్నుపై మోపినచో లేని ఊరే హెచ్చు మోయవలసి వచ్చును. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పుడు చేర్చిన 11వ షెడ్యూలులో సాంఘిక సంక్షేమము, బలహీనవర్గముల సంక్షేమము పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. అయినను అది పని చేయుటకు గాని, సొమ్మంతయు ఊరే సమకూర్చుటకు కాదు. అర్హుని గుర్తించుట, అనర్హుని తొలగించుట, చనిపోయినవాని పేర సొమ్ము పోకుండ చూచుట, ఇవి ఊరివారు చేసినంత చక్కగా రాజధానిలోనివారు చేయలేరు.

మరి రాజ్యాంగము ఎవరిని బాధ్యులను చేసినది? 41వ అధికరణము వృద్ధాప్యములో ప్రజాసహాయము కల్పింపవలెనని రాజ్యమునకు చెప్పుచు, "ఆర్థిక శక్తికి లోబడి" అని ఒక పరిమితిని పెట్టినది. అశక్తుల పోషణ రాష్ట్ర జాబితాలో నున్నది. కార్మిక సంక్షేమములో భాగముగా వృద్ధాప్య పింఛనులు ఉమ్మడి జాబితాలో నున్నవి. ఇంటిలో ఇద్దరు కొడుకులున్నచో తల్లికి అన్నము పెట్టువాడు ఎవడని సందేహము కలిగినట్లే, ఇక్కడను కొంత సందేహము కలిగినది.

ముందుగా కదలినవి రాష్ట్రములే. 1957లో ఉత్తరప్రదేశ్, 1960లో కేరళ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు వృద్ధాప్యపు పింఛనులు మొదలుపెట్టినవి. కేంద్రము 1995 ఆగస్టు 15న జాతీయ సాంఘిక సహాయ కార్యక్రమమును ప్రారంభించి, 65 యేండ్లు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలిచ్చినది. 2006లో దానిని 200 చేసినది. 2011లో వయస్సును 60కి తగ్గించి, 80 యేండ్లు దాటినవారికి 500 చేసినది. అచ్చటనే అది ఆగినది. 200 రూపాయలు 200గనే యున్నవి. పైగా దేశమంతటికిని 2 కోట్ల 21 లక్షల వృద్ధులకు మించి ఆ సొమ్ము వర్తింపదు. ఈ మొత్తమును పెంచవలెనని పార్లమెంటు స్థాయీ సంఘములు పలుమారులు సిఫారసు చేసినవి.

రాష్ట్రపు లెక్క ఇంకొక తీరుగా నడచినది. 2014 అక్టోబరులో పింఛను 200 నుండి 1,000 అయినది. 2019 జనవరిలో 2,000. అదే యేడు జూలైలో 2,250, వయస్సు 65 నుండి 60. తరువాత 2,500, 2,750, 3,000 దాటి 2024 జూలై నుండి 4,000 రూపాయలైనది. వికలాంగులకు 6,000, మంచము పట్టి లేవలేనివారికి 15,000. ఆ మాసమున అన్ని తరగతులు కలిపి పింఛనుదారులు 65 లక్షల పైచిలుకు. నెలకగు వ్యయము 2,700 కోట్ల రూపాయలకు అటునిటు. వృద్ధునికి ముట్టు 4,000లో కేంద్రపు వంతు 200 అనగా ఇరువదవ భాగము. అదియు కేంద్రపు లెక్కలోనికి ఎక్కినవానికి మాత్రమే. తక్కిన 19 భాగములు రాష్ట్ర ఖజానావి.

రాష్ట్ర ఖజానా అనగా ఎవరో కాదు. సరకులపై పన్ను, మద్యముపై రాబడి, రిజిస్ట్రేషను రుసుములు, అప్పులు. అవ్వ కొన్న సబ్బుబిళ్లపైనను పన్ను కలదు. కనుక పింఛను పుచ్చుకొనువారు ఏమియు చెల్లించలేదనుట సరికాదు. జీవితమంతయు చెల్లించుచునే యున్నారు, రశీదు మాత్రము లేదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగుల వ్యాజ్యములో, పింఛను యజమాని దయపై ఆధారపడిన బహుమానము కాదు, చేసిన సేవకు లభించిన హక్కు అని తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఉద్యోగులకు సంబంధించినది. అయినను ముప్పది పంటలకు నారు మోసిన కూలి స్త్రీ చేసినది సేవ కాదా అను ప్రశ్నకు ఆ తీర్పు చదివినవాడెవ్వడును తేలికగా జవాబు చెప్పలేడు. అందుచేత ఆకలి తీరునంత పింఛనును పన్నుల సొమ్మునుండి ఇచ్చుటయే న్యాయమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. కేంద్రపు వంతు ధరలతో పాటు పెరుగుట కూడ న్యాయమే. ఒక రాష్ట్రము ధనవంతమై 4,000 ఇచ్చి, ప్రక్క రాష్ట్రము వందలలో ఇచ్చినచో వృద్ధుని పొట్ట సరిహద్దును బట్టి మారదు గదా.

తన వృద్ధాప్యమునకు తానే కూడబెట్టుకొనవలెనను మాట కూడ కలదు. జర్మనీ 1889లో చట్టము చేసినప్పుడు కార్మికుడు సగము, యజమాని సగము చందా కట్టగా, ప్రభుత్వము కొంత కలుపునట్లు ఏర్పాటు చేసినది. మన ఉద్యోగుల భవిష్యనిధి, దానికి అనుబంధముగా 1995 నవంబరులో వచ్చిన పింఛను పథకము ఆ జాతివే. అయితే 20 మందికి తక్కువ పనివారున్న సంస్థకు భవిష్యనిధి నిర్బంధముగా వర్తింపదు. ఆటోనగరులోని చిన్న షెడ్డులో ఒక మేస్త్రి, ఇద్దరు పనివారు, ఒక కుర్రవాడు ఉందురు. అట్టిచోట ముప్పదియేండ్లు సుత్తె పట్టినవానికి యజమాని వంతు అనునదే ఉండదు. వాని శ్రమతో లాభించినవాడు తప్పుకొనగా, వాని ముసలితనపు ఖర్చు పన్ను చెల్లించు ప్రజలందరిపై పడుచున్నది. ఈ సంగతి ఎవ్వరును పెద్దగా చెప్పరు.

అట్టివారికై 2015లో అటల్ పింఛను యోజన వచ్చినది. 18 నుండి 40 యేండ్ల లోపువారు చేరవచ్చును. 60వ యేట నెలకు 4,000 రావలెనన్నచో 18వ యేట చేరినవాడు నెలకు 168 రూపాయలు, 40వ యేట చేరినవాడు 1,164 రూపాయలు కట్టవలెను. పనిలో చేరిన కుర్రవానికి 168 పెద్ద మొత్తము కాదు. కాని 42 సంవత్సరముల తరువాత 4,000 రూపాయలకు ఏమి వచ్చును? 1995లో 75 రూపాయలను ఒక పింఛనుగా భావించితిమని జ్ఞాపకముంచుకొన్నచో జవాబు దొరకును.

మన రాష్ట్రమున జరిగిన ఒక ప్రయత్నమును ఇచ్చట విశదముగా చెప్పవలసియున్నది. 2009లో అభయహస్తము అను పథకమును ప్రారంభించిరి. స్వయంసహాయక సంఘములోని స్త్రీ రోజుకొక రూపాయి కట్టును. ప్రభుత్వము మరియొక రూపాయి కలుపును. 60 యేండ్లు నిండిన తరువాత నెలకు కనీసము 500 రూపాయలు వచ్చును. కూలి చేసికొను స్త్రీ తన వృద్ధాప్యమునకు తాను మదుపు పెట్టుట గొప్ప సంగతియే. ఆ నాటికి ఉచితపు పింఛను 200 గనుక 500 ఆకర్షణీయముగనే యుండెను. లెక్క చూతము. ఇద్దరి రూపాయలును కలిపి సంవత్సరమునకు 730. ఇరువది యేండ్లకు వడ్డీ గాక 14,600. నెలకు 500 వంతున ఇచ్చినచో అసలు రెండున్నర సంవత్సరములకు కూడ చాలదు. వడ్డీతో మరికొంత సాగును. ఇంతలో 2014లో ఏ చందాయు కట్టనివారి పింఛను 1,000 అయినది. కట్టినవారి 500 కట్టనివారి 1,000కి సగమైనది. రోజు కొక రూపాయి ముడివేసిన స్త్రీకి దానివలన కలిగిన పాఠమేమో ఊహింపవచ్చును. ఉచితపు పింఛను పెంచుట తప్పని దీని భావము కాదు. చందా కట్టినవానికి ఉచితపు మొత్తముపైన అదనముగా ముట్టవలెనే గాని, దానికి బదులుగా కాదని ఈ అనుభవము చూపుచున్నది. ఇకముందు అట్టి పథకము ఏది వచ్చినను సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే.

ఇప్పుడు కుటుంబము సంగతి. 2019 తరువాత ఏర్పడిన నియమముల ప్రకారము పింఛనుకు వృద్ధుని స్థితిని మాత్రమే గాక కుటుంబపు స్థితిని చూతురు. గ్రామములో నెలకు 10,000, పట్టణములో 12,000 రూపాయలకు లోపు ఆదాయము. మాగాణి 3 ఎకరముల లోపు, లేదా మెట్ట 10 ఎకరముల లోపు. నెలకు విద్యుత్తు 300 యూనిట్ల లోపు. ఇంటిలో ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను చెల్లించువాడు గాని, కారు గాని ఉండరాదు. కలవారికి పన్నుల సొమ్ము పోరాదనుట సబబే. కాని ఈ నియమమునకు వెనుక, కొడుకు సంపాదన తల్లికి అందుచున్నదను విశ్వాసము కలదు. కొడుకు ఇంటి మీటరు 300 దాటినదని ఆమె పేరు కొట్టివేయుదురు; ఆ ఇంటి వెనుక వసారాలో ఆమె వేరుగా వండుకొనుచున్న సంగతి మీటరు చెప్పదు. ప్రభుత్వము కొడుకున్నాడని ఈయదు, కొడుకు ప్రభుత్వమున్నదని ఈయడు. గ్రామసభలో నోరెత్తి చెప్పవలసిన వారిలో వీరు మొదటివారు. ఏలనన, ఏ ఇంటిలో ఎన్ని పొయ్యిలున్నవో పంచాయతీ సభ్యునికి తెలిసినట్లు కంప్యూటరుకు తెలియదు.

డబ్బు సంగతి ఇట్లుండగా, సంరక్షణ భారము మరియొకటి. మంచము పట్టినవారికి స్నానము చేయించుట, మందు వేయుట, రాత్రి లేచి చూచుట, ఇవి 4,000 రూపాయలతో కొనదగినవి కావు. నేటివరకు ఈ భారమును జీతము లేకుండ మోసినది కోడలు, కూతురు. ఇకముందు వారి సంఖ్యయు తగ్గును. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ఇద్దరికి మించి సంతానముగలవారు సభ్యులుగా పోటీ చేయుటకు వీలు లేకుండెను. ఆ నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించినది. సంతానము తగ్గి, రాష్ట్రమున వృద్ధుల పాలు పెరుగుచున్నదనుటయే కారణము. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు మాత్రమే. చట్టము మార్చినంత మాత్రమున రేపటి కోడండ్రు పుట్టరు. జపానులో ఈ పరిస్థితి మనకంటె ముందు వచ్చినది. వారు 2000 సంవత్సరమున సంరక్షణ బీమాను పెట్టి, 40 యేండ్లు దాటిన ప్రతివానివద్ద చందా తీసికొనుచున్నారు. వ్యయములో సగము చందాలు, సగము పన్నులు. సేవ పొందువాడు కొంత వంతు చెల్లించును. విశేషమేమనగా దానిని నడపునది అచ్చటి పురపాలక, గ్రామపాలక సంస్థలే. సొమ్ము దేశముది, పని ఊరిది. మన పంచాయతీలకు అట్టి బాధ్యత ఇంకను రాలేదు.

ప్రస్తుతము సభ్యుల చేతిలోనున్న సాధనము 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము. తమ సంపాదనతో జీవింపలేని తల్లిదండ్రులను పోషించు బాధ్యత కొడుకులకెంతయో కూతుండ్రకు అంతియే. యుక్తవయస్కులైన మనుమలు, మనుమరాండ్రును అందులో చేరుదురు. సంతానము లేనివారిని, వారి ఆస్తికి వారసులగు బంధువులు పోషింపవలెను. వినతిపత్రమును రెవిన్యూ డివిజను స్థాయిలోని ట్రిబ్యునలుకు ఇయ్యవలెను. అక్కడ ఏ పక్షమునను వకీలు వాదింపడు. నోటీసు అందినది మొదలు 90 రోజులలో, తప్పనిసరియైనచో మరి 30 రోజులలో, తీర్పు చెప్పవలెను. నెలకు 10,000 రూపాయల వరకు భరణము విధింపవచ్చును. వృద్ధుడు తానే పోలేనిచో అతడు అధికారమిచ్చిన మరియొకరు దరఖాస్తు ఇయ్యవచ్చును. వృద్ధుని విడిచిపెట్టి పోయినవానికి మూడు నెలల ఖైదు, 5,000 రూపాయల జరిమానా వరకు శిక్ష కలదు.

ఈ చట్టములోని 23వ సెక్షను డెల్టా గ్రామములకు మిక్కిలి ముఖ్యమైనది. ఎకరము ధర కోట్లు పలుకు ఊళ్లలో తల్లిదండ్రులు బ్రతికియుండగనే పిల్లలకు దాన సెటిల్మెంటు వ్రాయుట పరిపాటియైనది. తన్ను పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చిన పిమ్మట, పుచ్చుకొన్నవాడు పోషింపనిచో, ఆ దస్తావేజును ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. ఈ చట్టము వచ్చిన తరువాత వ్రాసిన దస్తావేజులకే ఇది వర్తించును. షరతు ఉన్నట్లు రుజువు కానిచో ఈ సెక్షను వర్తింపదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. వృద్ధుల మేలు కొరకు చట్టమును ఉదారముగా అన్వయింపవలెనని 2025 జనవరిలో మరియొక తీర్పులో చెప్పినను, కాగితముపై షరతు లేనివాడు దానిని నిరూపించుటకు శ్రమపడక తప్పదు. కనుక ఊరిలో ఎవరైనను సెటిల్మెంటు వ్రాయబోవుచున్నారని తెలిసినచో సభ్యులు వారికి ఒక్కమాట చెప్పవలెను. ఆస్తి పొందినవారు దాతకు జీవితాంతము అన్నవస్త్రములు, నివాసము, వైద్యము సమకూర్చవలెననియు, అట్లు చేయనిచో ఆ బదిలీ చెల్లదనియు రెండు పంక్తులు దస్తావేజులో ఉండవలెను. దస్తావేజు లేఖరి ఆ పంక్తులను తనంతట తాను చేర్చునని అనుకొనరాదు. అడిగి వ్రాయించుకొని, రిజిస్ట్రారు ఎదుట చదివించుకొని, ఆ తరువాతనే వ్రేలిముద్ర వేయవలెను.